మునగని మోచెయ్యి

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పద్దెనిమిదేళ్లు. గురజాల దగ్గర మా పల్లెలో బాప్తిస్మాలు నాగులేటిలోనే, ఒళ్లంతా నీళ్లలో ముంచి ఇచ్చేవారు. పాస్టరు అయ్యగారు నన్ను ముంచినప్పుడు భయంతో ఆయన భుజం పట్టుకున్నాను. నా కుడి మోచెయ్యి తడవనే లేదు.

ఇక చూడండి నా అవస్థ! వదిన మీద కోపం వచ్చినా, ప్రార్థనలో కునుకు పట్టినా, ఆ పొడి మోచెయ్యి వల్లేనని, నా పాపాలు పోలేదని కుమిలిపోయేదాన్ని. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె ముట్టడానికి కూడా ధైర్యం చాలేది కాదు.

చివరికి ఒక ఆదివారం ఆరాధన కాగానే అయ్యగారి దగ్గరికి వెళ్లి, "నన్ను మళ్లీ ముంచుతారా అండీ? మోచెయ్యి మునగలేదు" అన్నాను. ఎప్పుడూ నోరు పెగలని నేను, ఆ ఒక్క మాట మాత్రం చర్చి అంతా వినేలా అన్నాను.

పక్కనున్న శాంతమ్మవ్వ అందుకుంది. "ఏందే పిల్లా! నన్ను ముంచిన ఏడాది ఏట్లో మోకాటి లోతే నీళ్లు. నా పొట్ట చానామటుకు బయటే ఉండె. ఇప్పుడు దాన్ని గుమ్మం బయట పెట్టి పరలోకంలోకి పోవాలంటావా?"

అందరూ గొల్లున నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయ్యగారు నవ్వాపుకుని, "నిన్ను కడిగింది ఏరు కాదమ్మా, ఏసయ్య. ఆయన సగం పని చేసి వదిలేస్తాడా?" అన్నారు.

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఆయన పనికి నేను మేస్త్రీలా నిలబడి ఇన్నాళ్లూ వంకలు వెతికానన్నమాట. ఆ ఉద్యోగం ఆ రోజే మానేశాను.