ఎర్ర తాడుకు కట్టిన నిమ్మకాయ

మా ఆయన ప్రాణాన్ని ఒక నిమ్మకాయ కాపాడిందని ఇక్కడ న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లంతా నమ్ముతారు. రిక్కార్టన్ పేటలో కొట్లో కొత్తిమీర కొంటుంటే ముక్కూ మొహం తెలియని ఒకావిడ నన్ను ఆపి, "పడవ నిమ్మకాయ కథ మీదేనంట కదా ఆంటీ" అని అడిగింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ కథ అల్లి ఊరంతా పంచిన మా మరిది మీద ఉంది. పక్కన కూర్చుని తల ఊపిన మా ఆయన మీద ఇంకా ఎక్కువ ఉంది.

పడవ కొందామన్నది మా మరిదే. అంతకు ముందు సరస్సు ఒడ్డున నిలబడి ట్రౌట్ చేపలు పట్టేవాళ్లం. పట్టేవాళ్లం అంటే, పట్టేది నేను. అన్నదమ్ములిద్దరూ మడత కుర్చీల్లో కూర్చుని, నేను డబ్బాలో పెట్టి తెచ్చిన పులిహోర తింటూ, గాలం ఎటు విసరాలో నాకు చెప్పేవాళ్లు. చేపలన్నీ లోతులో ఉన్నాయని, పడవ ఉంటే తప్ప అందవని ఇద్దరూ కలిసి తేల్చారు. ఎవరో వాడి అమ్మకానికి పెట్టిన చిన్న అల్యూమినియం పడవ, దాని వెనక ఇంజను, లాక్కెళ్లే ట్రెయిలర్ మా గరాజ్‌లోకి వచ్చాయి. నా వాషింగ్ మెషిన్ మూలకు జరిగింది.

పడవకు ఏమేం కావాలో నేను చదివి, నలుగురినీ అడిగి తెలుసుకున్నాను. వాళ్లు ఏం కొన్నారో చెబుతాను. నీళ్ల కింద చేపలను చూపించే తెర. పాటలు వినడానికి స్పీకరు. సీట్ల కింద నీలం లైట్లు. చేపలను మభ్యపెట్టే ఉత్తుత్తి ఎరలు, రంగురంగుల ల్యూర్లు, డబ్బాల కొద్దీ. ఒక సరస్సులో నిజంగా పనికొచ్చేవి మూడో నాలుగో రంగులు, మిగతావి డబ్బాలో ఒకదానికొకటి చిక్కుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. లంగరు తాడు మాటేమిటని అడిగితే మా మరిది నవ్వాడు.

"సముద్రంల పోతున్నమా ఏంది వదినా? చెరువే కదా."

చెరువట. ఇక్కడి కొండల మధ్య సరస్సు పొద్దున అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నానికి వాయవ్యం గాలి లేస్తే అదే సరస్సులో మనిషి నడుమెత్తు అలలు లేస్తాయి. వేసవిలో కూడా నీళ్లు ఐసు ముక్కల్లా ఉంటాయి. ఈత వచ్చినవాడికే చేతులు కొయ్యబారిపోతాయి, ఇక మా ఆయనకు ఈతే రాదు. అందుకే చెబుతున్నాను, తెర తర్వాత కొనుక్కోవచ్చు, ముందు తాడు కొనండి. నీళ్లు ఎంత లోతుంటే దానికి కనీసం మూడింతల తాడు, తాడుకూ లంగరుకూ మధ్య కాస్త గొలుసు. లంగరును పడవ ముక్కుకే కట్టాలి, వెనక కడితే అల వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ఇంజను మొరాయిస్తే ఒడ్డు చేరడానికి తెడ్లు, నీళ్లు తోడడానికి బకెట్. చేపను ఎత్తడానికి రబ్బరు వల కొనండి, నూలు వలలో గాలాలు చిక్కుకుంటే చేప చచ్చిపోయినా విడిపించలేరు. ఇదంతా నేను గరాజ్‌లో నిలబడి చెప్పాను. అన్నదమ్ములు స్పీకర్లో పాట మార్చుకున్నారు.

గాలపు కర్రలు నిలబెట్టే హోల్డర్లు బిగించిందీ మా మరిదే. నడిపేవాడి చేతికి అందేలా పక్కన పెట్టమన్నాను. వెనక మూలల్లో పెడితే ఫొటోలో బాగుంటాయని డ్రిల్లు తీసుకుని అక్కడే బెజ్జాలు పెట్టాడు. ఇంజను పట్టుకుని కూర్చున్నవాడు ఆ కర్ర అందుకోవాలంటే లేచి, వెనక్కి తిరిగి, ఒళ్లు సాచాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక పూజ. కొత్త బండికి పూజ చేసినట్టే పడవకూ చేశాం, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. పసుపు కలిపిందీ బొట్టు పెట్టిందీ నేనే. ట్రెయిలర్ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. కొబ్బరికాయ అల్యూమినియానికి కొట్టబోతే ఆపి, డ్రైవ్‌వే రాయికి కొట్టించాను. ఆఖరుకు దిష్టికి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ మిగిలింది. కారుకైతే ముందు బంపర్‌కు కడతాం. పడవకు ఎక్కడ కట్టాలి? మా మరిది చుట్టూ తిరిగి చూసి, ఇంజను దగ్గర వేలాడుతున్న ఎర్ర తాడుకు కట్టాడు. తాడు కొసన కొక్కెం కూడా ఉంది.

"చూడు వదినా, మన కోసమే పెట్టినట్టున్నరు."

ఆ తాడు ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా చుట్టలు తిరిగి ఉంటుంది. ఒక కొసన చిన్న క్లిప్పు, అది ఇంజను స్విచ్చు కింద దూరి ఉంటుంది. రెండో కొసన కొక్కెం, అది పడవ నడిపే మనిషి కాలికో మణికట్టుకో ఉండాలి. మనిషి నీళ్లలో పడితే తాడు లాగుతుంది, క్లిప్పు ఊడుతుంది, ఇంజను ఆగుతుంది. తాడు మనిషికి లేకపోతే ఏమవుతుంది? మనిషి నీళ్లలో ఉంటాడు, ఇంజను తిరుగుతూనే ఉంటుంది, పట్టుకునేవాడు లేని పడవ పక్కకు ఒరిగి గుండ్రంగా తిరిగి, పడ్డవాడి మీదకే వస్తుంది. అడుగున కత్తుల్లాంటి రెక్కలతో ప్రొపెల్లర్ ఉంటుంది. మొత్తం పడవలో ఇంతకన్నా ముఖ్యమైన సామాను లేదు. దానికి మా మరిది మిరపకాయలు కట్టాడు.

విప్పమన్నాను. పూజలో కట్టింది విప్పకూడదన్నాడు. దండ విప్పి బంపర్‌కు కట్టుకోమన్నాను, తాడు మాత్రం వదిలెయ్యమన్నాను. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషేమీ కాదు, తమ్ముడి ముందు మాత్రం అలాగే ఉంటాడు. సరస్సు దగ్గర పడవ దించేటప్పుడు మళ్లీ అడిగితే, "ఇయ్యాల్టికి ఉండనీ, వచ్చేసారి చూద్దాం తియ్" అన్నాడు. ఈ "ఇయ్యాల్టికి ఉండనీ" అనే మాటతో మన ఇళ్లలో ఎన్ని పనులు నాశనమవుతున్నాయో ఎవరూ ఆలోచించరు. కనీసం లైఫ్ జాకెట్ వేసుకుంటే తప్ప నేను ఎక్కనని పట్టుబట్టాను. వాటిని సీటు మీద మెత్తగా వేసుకుని కూర్చుని ఉన్నారు ఇద్దరూ. లేపి వేయించాను. మా ఆయన జాకెట్ బకిల్ నా చేత్తోనే బిగించాను.

పొద్దున బాగానే గడిచింది. నెమ్మదిగా పడవ నడుపుతూ, వెనక రెండు గాలం దారాలు లాగుతూ వెళ్లాం. నాకు ఒక రెయిన్‌బో ట్రౌట్ పడింది. మధ్యాహ్నం కొండల మీద మబ్బు కమానులా వంపు తిరిగింది, వాయవ్యం గాలి లేచింది. వెనక్కి పోదామన్నాను. దారాలు రెండూ లోపలికి చుట్టాకే వేగం పెంచాలి, అది మొదటి నియమం. నా దారం చుట్టేశాను. మా మరిది తన దారం సంగతి మర్చిపోయి ఫోన్లో మబ్బును వీడియో తీస్తున్నాడు. మా ఆయన వేగం పెంచాడు. వెనక మూలలో ఉన్న తమ్ముడి కర్ర విల్లులా వంగింది. చేప పడిందనుకున్నాడో, కర్ర విరుగుతుందనుకున్నాడో, మా ఆయన ఇంజను పిడి వదిలేసి, లేచి, వెనక్కి తిరిగి, ఒళ్లు సాచాడు. అల తగిలింది. మనిషి లేడు.

పడవ ఒక్కసారిగా ఒరిగింది. నేను సీటు అంచు పట్టుకున్నాను. నీళ్లలో నారింజ రంగు జాకెట్ కనిపించింది, తల కనిపించింది. పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మా మరిది ఫోన్ రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అతన్ని ఏమీ అనను, భయానికి మనిషి బిగుసుకుపోతాడు. నేను మోకాళ్ల మీద పాక్కుంటూ ఇంజను దగ్గరికి వెళ్లి తాడు కోసం చెయ్యి చాచాను. చేతికి నిమ్మకాయలు అందాయి. ఉన్న బలమంతా పెట్టి లాగాను.

దండ దారం పుటుక్కున తెగింది. దండ నా గుప్పిట్లోకి వచ్చింది. ఇంజను తిరుగుతూనే ఉంది. పడవ సగం చుట్టు తిరిగి మా ఆయన వైపుకు ముక్కు పెట్టింది. నిమ్మకాయలు నీళ్లలోకి విసిరి కొట్టి, ఈసారి ఎర్ర తాడునే చేతికి చుట్టుకుని లాగాను. క్లిప్పు ఊడింది. ఇంజను ఆగింది. ఆ తర్వాత గాలి హోరు, ఆయన దగ్గు తప్ప ఏమీ వినపడలేదు. పడవ తేలుతూ ఆయన పక్కనుంచే వెళ్లింది. తెడ్డు అందించాను. అప్పటికి మా మరిది తేరుకుని వచ్చాడు, ఇద్దరం కలిసి ఆయన్ను లోపలికి లాగాం.

ఆ వారాంతం స్నేహితుల ఇంట్లో భోజనాలకు పోతే మా మరిది ఇలా చెప్పాడు. "అన్న నీళ్లల్ల పడ్డడు. వదిన నిమ్మకాయ పట్టుకొని గుంజింది. అంతే, బోటు ఆగిపోయింది. కట్టకపోయి ఉంటే ఏమైతుండెనో." అందరూ దండం పెట్టుకున్నారు. నేను నోరు తెరిచే లోపలే ఎవరో నాకు పాయసం గిన్నె అందించారు. మా ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపాక నేను కాదంటే ఎవరు వింటారు? చెప్పి చూశాను. "అదేలెండి ఆంటీ, మొత్తానికి దేవుడున్నాడు" అన్నారు. దేవుడు ఉన్నాడు, నేను కాదనలేదు. తాడు కూడా ఉంది, అది మనిషి కాలికి లేదు, నేను చెబుతున్నది అదే.

ఇది ఇంటి గొడవగా మిగిలిపోయి ఉంటే పళ్లు కొరుక్కుని ఊరుకునేదాన్నేమో. మొన్న ఒక కుర్ర జంట పడవ కొన్నారు. కాకినాడ వైపు వాళ్లు, చంకలో పాప. పూజకు మమ్మల్ని ముగ్గురినీ ప్రత్యేకంగా పిలిచారు. వాళ్ల డ్రైవ్‌వేలో పడవ చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి నాకు బొట్టు పెట్టి, పళ్లెంలోంచి నిమ్మకాయల దండ తీసి నా చేతుల్లో పెట్టింది.

"మీ చేత్తోనే కట్టాలండి ఆంటీ. ఆ ఎర్ర తాడుకే. మీది అచ్చొచ్చిన చెయ్యి కదా. రేపే పాపని తీసుకుని వెళ్తున్నాం."

నా చేతుల్లో దండ, ఎదురుగా వాళ్ల ఇంజను, దానికి వేలాడుతున్న ఎర్ర తాడు, పక్కన కళ్లప్పగించి చూస్తున్న పాప. ఒళ్లంతా భగ్గుమంది.

"నేను కట్టను" అన్నాను. "ఆ తాడు మీ ఆయన కాలికి ఉండాలి."

అందరూ నా వైపు తిరిగారు. మంచి పని దగ్గర ముసలమ్మ చేదు మాట మాట్లాడుతోందని వాళ్ల మొహాల్లో కనిపించింది. మా మరిది నవ్వుతూ, "వదిన గట్లనే అంటది గానీ, ఆ రోజు నిమ్మకాయే లేకపోతే" అని మొదలుపెట్టాడు.

"నిమ్మకాయ నా ముంగటనే నీళ్లల్ల పడ్డది" అన్నాడు మా ఆయన.

అందరికన్నా వెనక, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. గొంతు పెంచలేదు.

"నేను చూసిన. దండ తెగి నా ముంగట పడ్డది. పడవ ఆగలే. నా మీదికి వస్తనే ఉన్నది. ఇంగ అయిపోయింది అనుకున్న. ఈమె తాడు గుంజినంక ఆగింది. నిమ్మకాయ పట్టుకొని గుంజిన ఆ ఒక్క ఊపు వేస్ట్ అయింది. ఇంకొంచెం అయితే నేను ఇక్కడ లేను."

మా మరిది మొహం కిందికి దించుకున్నాడు. ఆ అమ్మాయి పాపను తన భర్త చేతికి ఇచ్చి, నా చేతుల్లోంచి దండ తీసుకుని ట్రెయిలర్ ముందు కమ్మీకి కట్టింది. తర్వాత ఇంజను దగ్గరికి వచ్చి ఎర్ర తాడు తీసి, అది కాలికి ఎలా తగిలించాలో చూపించమని నన్ను అడిగింది. అతన్ని పడవలో కూర్చోబెట్టి చూపించాను. లాగి చూడమన్నాను, క్లిప్పు ఊడింది. మళ్లీ పెట్టించాను, మళ్లీ లాగించాను.

ఇంటికి వస్తూ కారులో నేనే అడిగాను, ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని.

"వాడు నలుగుర్ల చిన్నబోతడని" అన్నాడు.

"మీరు చచ్చిపోతుంటే లాగింది నేను. నన్ను అబద్ధాలకోరును చేసి తమ్ముణ్ణి కాపాడుకున్నారు."

ఆయన ఇల్లు చేరాక తిన్నగా గరాజ్‌లోకి వెళ్లి, డ్రిల్లు తీసుకుని, వెనక మూలల్లో ఉన్న హోల్డర్లను విప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ బిగించాలో నన్ను అడిగాడు. చెప్పాను. బిగించాక పిడి దగ్గర నేనే కూర్చుని, కర్ర చేతికి అందుతోందో లేదో చూశాను.