జోడీ కుదరని రెండు స్పీకర్ డబ్బాలు

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చిన్నదే, కానీ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటేనే మాట రుచిగా ఉంటుంది. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. చదివింది మరిచిపోయాను గానీ చూసింది మరిచిపోలేదు. ఆ రోజుల్లో సూరత్‌లో, బమ్రోలి వైపు మాది ఒక్క గది ఇల్లు. గోడ అవతలే సాంచాలు. సాంచాలంటే మరమగ్గాలు, మా కరీంనగరం వైపు వాళ్లం అలాగే అంటాం. పగలనక రాత్రనక అవి ఆడుతూనే ఉండేవి. ఆ అదురుకు మా అల్మారాలో గిన్నెలు ఒకదానితో ఒకటి గుసగుసలాడేవి. బిందెలో నీళ్ల మీద సన్నని ముడతలు పుట్టి, అంచుదాకా పోయి, మళ్లీ నడిమికి వచ్చేవి. ఆ ముడతల్ని చూస్తూ ఎంతసేపు కూర్చునేదాన్నో! లోకమంతా ఇలాగే లోలోపల వణుకుతూ ఉంటుందని, కదలని నీళ్లు ఎక్కడో దూరదేశంలో ఉంటాయని అనుకునేదాన్ని.

మా వాడలో మెల్లగా మాట్లాడే మనిషే లేడు. పక్కింటివాళ్లు కాస్త ఉప్పు అడిగినా తగాదాకు వచ్చినట్టే ఉండేది. బతుకంతా సాంచాల నడుమ నిలబడ్డ మగవాళ్లకు చెవులు మందగించేవి. అందరిలోకి మా బాపుకు (నాన్నను మేం బాపు అంటాం) ఎక్కువ. ఆయన మాటను చెవితో కాదు, కళ్లతో వినేవాడు. ఖాతాలో, అంటే సాంచాల కార్ఖానాలో, అందరూ పెదవుల కదలిక చూసీ వేళ్ల సైగ చూసీ మాట్లాడుకుంటారు కదా, ఇంట్లోనూ అదే అలవాటు. ఎదురుగా నిలబడితే ఒక్క మాట కూడా జారిపోనివ్వడు, వెనకనుంచి పిలిస్తే మాత్రం గోడను పిలిచినట్టే. (మా అమ్మ ఆయన్ని తిట్టాల్సినవన్నీ వెనక నిలబడే తిట్టేది. వాళ్ల సంసారం అంత చల్లగా సాగడానికి అదొక కారణం.)

అలాంటి ఇంట్లో మా అన్నకు పాట పిచ్చి పట్టింది. చీరల పార్సిళ్లు కట్టే పనిలో ఉంటూ, మా మేనబావతోనూ ఇంకొందరితోనూ కలిసి పెళ్లిళ్లకు వాయించే బ్యాండు పెట్టాడు. బావ డ్రమ్ములు, అన్న బేస్ గిటారు. (ఈ బావే తర్వాత నా మెడలో పుస్తె కట్టాడు. అప్పటికి మాత్రం మా ఇంటికి వచ్చి గిన్నెల మీద తాళం వేసి అమ్మచేత చీవాట్లు తినే మనిషి.) గిటారు ఇంటికి వచ్చిన రోజు బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, తీగల మీద వేలు పెట్టి చూశాడు.

"నాలుగే ఉన్నయేందిరా? అందరికి ఆరుంటయి గదా! కడమయి దుకనపోడే ఉంచుకున్నడా?"

"దీనికి నాలుగే ఉంటయి బాపు. ఇది బేస్. పాట కింద నడుస్తది."

"కింద నడిచేదానికి గింత పొడుగు మెడెందుకు?"

అన్న దగ్గర అప్పటికే ఒక స్పీకర్ డబ్బా ఉండేది, లోపల నాలుగు చిన్న స్పీకర్లు. దాన్ని అరువు తెచ్చిన ఆంప్‌కు తగిలించి, బాపును గడపలో పీట మీద కూర్చోబెట్టి ఒక పాట మొత్తం వాయించాడు. బాపు పల్లీలు ఒలుచుకుంటూ ఎంతో ఓపికగా కూర్చున్నాడు. పాట అయిపోయి అన్న చేతులు దించాక, "ఇగ మొదలువెట్టు మరి" అన్నాడు.

బాపు పొట్టు దులుపుకుని లేచి తీర్పు చెప్పాడు. "వినబడని బాజతోటి బతుకెట్ల ఎల్లుతదిరా? మార్కండేయ జయంతి నాడు ఊరేగింపుల వాయించు. నాకు వినబడ్డదా, ఉంచుకో. వినబడలేదా, యాడికెల్లి తెచ్చినవో ఆడనే ఇచ్చేసి తెల్లారి నా ఎంబడి ఖాతాకు రా. సాంచ నేర్పుత." మార్కండేయుడు మా పద్మశాలీలకు మూలపురుషుడు, ఆ జయంతి నాడు మా వాళ్లంతా పని బంద్ పెట్టి ఊరేగింపు తీస్తారు. బాపు మాటలో కోపమేమీ లేదు. ఆయనకు తెలిసిన గట్టి బతుకు అదొక్కటే, కొడుక్కి అదే ఇస్తానన్నాడు. అమ్మ మాత్రం ఆయన వెనక చేరి, "ఇంటికొక చెవిటోడు చాలడా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అన్న నా వంక చూశాడు. తీగ ముట్టుకోగానే శ్రుతి కుదిరిందో లేదో చెప్పగలిగే చెవులు అన్నవి. సాంచాల పక్కన నాలుగేళ్లు నిలబడితే ఏమైపోతాయో మా ఇద్దరికీ తెలుసు.

గట్టిగా వినబడాలంటే ఇంకో డబ్బా కావాలి అని అన్నా బావా తేల్చారు. సందు మొదట్లో టీవీలు, మిక్సీలు బాగుచేసే గుజరాతీ కాకా ఉన్నాడు, ఆయన్ని అడుగుదాం అన్నాను. "డబ్బ కొనుటానికి గూడ డాక్టరు కావాల్నా మరదలా?" అని బావ నా మాట కొట్టేశాడు. సరే, అన్న, బావ, అమ్మ, నేను, నలుగురం పాత సామాన్ల బజారుకు పోయాం. అక్కడ మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ కొంగు నోట్లో కుక్కుకుంటాను. ప్రతి స్పీకర్‌కూ ముందు ఒక గుడ్డ బిగించి ఉంటుంది కదా? మేం నేతవాళ్లం. మా చేతులు నేరుగా ఆ గుడ్డ మీదికే పోయాయి. అమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపి చూసింది. అన్న వెలుతురుకు ఎదురుగా వంగి పోగులు చూశాడు. బావ, "పేక పల్చగున్నది, ఇది ఒద్దు" అని, అడ్డపోగు నేత నచ్చక, ఒక మంచి డబ్బాను పక్కకు తోసేశాడు. దుకాణంవాడు నోరు తెరిచి, "భాయ్, స్పీకర్ లేనా హై యా కపడా?" అన్నాడు, స్పీకర్ కావాలా గుడ్డ కావాలా అని. చివరికి ఒక పెద్ద డబ్బా నచ్చింది, లోపల ఒకే ఒక్క స్పీకరు, పళ్లెమంత. అది ఖాయం చేసింది నేనే. మొదటి డబ్బా గుడ్డ ముదురు వక్కపొడి రంగు, దీనిదీ అచ్చం అదే. చీరకు జాకెట్టు కుదిరినట్టు కుదిరింది. "జోడీ అంటే ఇది!" అన్నాను. వెనకవైపు ఏదో అంకె రాసిన రేకు ఉంది గానీ, గుడ్డ లేని వైపు మాకేం పని?

తర్వాత ఆంప్లిఫయర్, స్పీకర్ల గొంతు పెంచే మిషను. పెద్దది కొందామని అన్న, పెద్దది కొంటే స్పీకర్లు పగిలిపోతాయని బావ. "పెద్ద మిషను పెద్దగ కరెంటు తాగుతది, బిల్లు మీ తాత కడతడా?" అని అమ్మ. చిన్నదే తెచ్చారు. రెండు డబ్బాలూ దానికి తగిలించి, శబ్దం పెంచే మరను కడదాకా తిప్పి, మా వాడ పెద్దమనుషులందరి ముందు ఒక్క వరస వాయించి పరీక్ష పెట్టారు. అంతా ఖాతాల నుంచి వచ్చినవాళ్లే. నా చెవికి అది నూనెలో అప్పడం వేగినట్టు చిటపటమంది. పెద్దమనుషులు మాత్రం తలలూపి, "శబాష్! సాంచ ఆడినట్టే ఉన్నది" అన్నారు. మెచ్చుకోలు దొరికాక ఇంకేం కావాలి? అన్న మొహం వెలిగింది. (ఆ చెవులనే నమ్మి శ్రుతి పెట్టుకున్నాం చూడండి, మా తెలివి అలాంటిది.) బాపు ఆ రోజు పని మీద ఉన్నాడు, వినలేదు.

జయంతి రోజు వచ్చింది. మాఘమాసపు ఎండ, పాలలో పసుపు కలిపినట్టు మెత్తగా ఉంది. సాంచాలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నేను చెప్తే మీకు అర్థం కాదేమో. గిన్నెలు మాట్లాడడం మానేశాయి. బిందెలో నీళ్లు అద్దంలా నిలిచిపోతే, వాటిలో మా ఇంటి కప్పు రేకులు, కప్పు సందులోంచి ఒక నీలిముక్క కనిపించాయి. దూరదేశం మా ఇంటికే నడిచి వచ్చిందనుకున్నాను. బయట టెంపో మీద స్వామి పటం, పూలు, వెనక టెంపో మీద బ్యాండు. కొత్త చీరల్లో ఆడవాళ్లు, గులాల్ రంగుపొడి చల్లుకునే మగవాళ్లు. బాపు తెల్ల ధోవతి కట్టుకుని, బ్యాండు పక్కనే, ఇచ్చిన మాట ప్రకారం చెవి ఒగ్గి నడుస్తున్నాడు.

మొదటి పాట సగం కాకముందే ఆంప్ మీది లైటు ఆరిపోయింది. బావ దాన్ని ఊదాడు, తట్టాడు. కాసేపటికి వెలిగింది. మళ్లీ రెండు వరసలు వాయించగానే ఆరిపోయింది. ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. అమ్మ దానికి విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది, బాలింతకు విసిరినట్టు. అన్న మాత్రం శబ్దం లేకపోయినా వాయిస్తూనే ఉన్నాడు, వేళ్లు తీగల మీద పరుగెత్తుతూనే ఉన్నాయి, కళ్లు బాపు మీదే ఉన్నాయి. బాపు నన్ను పిలిచి, "మొదలువెట్టిండా బిడ్డా?" అని అడిగాడు. ఊరేగింపు మా సందు మొదటికి వచ్చేసింది. ఇంకాస్త దూరం పోతే అయిపోతుంది, గిటారు కథ కూడా అక్కడితో సరి.

ఇక నేను బావను అడగలేదు. పరుగెత్తి కాకా దుకాణంలోకి పోయి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. కాకా టెంపో ఎక్కి, డబ్బాల ముందువైపు చూడనే లేదు, తిన్నగా వెనక్కి పోయి ఆ రేకులు చదివాడు. "ఇస్ పే ఆఠ్, ఇస్ పే చార్. అరే దీక్రా, యే జోడీ నహీ హై!" అన్నాడు, ఇది జోడీయే కాదు బిడ్డా అని. చిన్న స్పీకర్ల డబ్బా మీద ఎనిమిది, పెద్దదాని మీద నాలుగు.

"నాలుగంటే తక్కువనే గదా, తక్కువ తాగాలె" అంది అమ్మ.

కాకా తన హిందీలో ఓపికగా చెప్పాడు. ఆ అంకె అడ్డుకట్టట. అడ్డు తక్కువైతే కరెంటు ఎక్కువ పారుతుంది. ఒకే మోటరుకు సన్నపైపు, లావుపైపు పక్కపక్కనే బిగిస్తే లావుదే రెండింతలు తాగుతుంది, రెండూ కలిసి మోటరుకు ఊపిరాడనివ్వవు. ఈ ఆంప్‌కు అడ్డు నాలుగైనా ఉండాలి, రెండు డబ్బాలూ కలిస్తే అది నాలుగు కంటే కిందికి దిగుతుంది, అప్పుడు ఆరిపోవడం దాని ధర్మం. అంతేకాదు, పెద్ద ఆంప్ కొని సగం గొంతుతో పాడించాలట. చిన్నదాన్ని కడదాకా అరిపిస్తే, ఆ అరుపే స్పీకర్లను కాల్చేస్తుందట.

"గట్లయితే మా ఇంట్ల అందరం చిన్న ఆంప్‌లమే" అంది అమ్మ.

కాకా చిన్న స్పీకర్ల డబ్బా తీగ పీకేశాడు. ఆంప్‌ను చల్లారనిచ్చి, మరను సగానికి తిప్పి, "బస్, ఇస్ కే ఆగే నహీ" అన్నాడు, ఇంతకు మించి తిప్పొద్దని. అన్న మొహం పాలిపోయింది. రెండు డబ్బాలతో కడదాకా అరిపిస్తేనే వినబడనిది, ఒక్కదానితో సగం గొంతుకు వినబడుతుందా? "అయిపాయెరా" అన్నాడు బావతో. బావ డ్రమ్ము పుల్లలు చేతికి తీసుకున్నాడు.

అప్పుడు బాపుకు మోకాళ్లు నొప్పి పెట్టాయి. అంతే, అంతకంటే పెద్ద సంగతేమీ జరగలేదు. పొద్దుట్నుంచి నడుస్తున్నాడు కదా, ఇద్దరు పట్టి ఆయన్ని టెంపో ఎక్కించారు. కూర్చోవడానికి చోటు లేక, ఆ పెద్ద డబ్బాకు వీపు ఆనించి కాళ్లు చాపుకున్నాడు. అన్నకు ఆ సంగతి తెలియదు, కళ్లు మూసుకున్నాడు. బావ మెల్లగా తాళం ఎత్తుకున్నాడు. ఇప్పుడు అప్పడాల చిటపట లేదు. ఒక్కొక్క స్వరం గుండ్రంగా, బావిలోకి చేద దిగినట్టు దిగుతోంది. బాపు చెయ్యి ఉన్నట్టుండి పొట్ట మీదికి పోయింది. తర్వాత ఛాతీ మీదికి. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాడు. వెనకనుంచి పిలిస్తే ఆయన తిరగడం మేం అప్పుడే చూశాం.

"నా లోపట ఎవడో నడుస్తున్నడు" అన్నాడు. గట్టిగా అరిచే మనిషి, ఆ మాట మాత్రం ఎంత మెల్లగా అన్నాడో! "చెప్పులు చేతుల పట్టుకొని, నిద్రపోయేటోళ్లను లేపొద్దన్నట్టు నడుస్తున్నడు. ఎవడు వాడు?"

అన్న కళ్లు తెరిచాడు. గొంతు ఎత్తలేదు. ఖాతాలో మాట్లాడుకున్నట్టు పెదవులతోనే చెప్పాడు, "నేనే బాపు."

బాపు మళ్లీ ఆ డబ్బాకు వీపు ఆనించాడు. గులాల్ వచ్చి ఆయన తెల్ల ధోవతి మీద వాలుతోంది. చివరికి అమ్మను ఎదురుగా పిలిచి, "గింత మెల్లగ నడిచెటోడు సాంచల మీద ఏం పనికొస్తడే? వద్దు. వాన్ని ఈడనే ఉండనియ్యి" అన్నాడు. అమ్మ ఏదో అనబోయి, అలవాటుగా ఆయన వెనక్కి పోబోయి, ఆగిపోయి, ఎదురుగానే నిలబడి ఏడ్చింది.

ఇక నా సంగతి. ఆ సంతోషంలో సిగ్గూ శరం మరిచి టెంపో ముందు ఎగిరి ఆడాను. జడ ఊడిపోయింది, ఒక కాలి పట్టీ ఎక్కడో పడిపోయింది, నన్ను చూస్తూ బావ తాళం తప్పాడు. ఎవరో కెమెరాతో వీడియో తీశారు. మొన్న మా కోడలు అది ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చి, "అత్తమ్మా, ఈ పిల్ల ఎవలు?" అంది. చూశాను. గులాల్ నిండిన మొహం, లోకంలో ఇక ఏ బాధా మిగల్లేదని నమ్మిన ఆ నవ్వు. బాపు పోయి చాలా ఏళ్లయింది. అన్న ఇప్పుడు సూరత్ పక్కన హజీరా ఫ్యాక్టరీలకు కంపెనీ బస్సెక్కి ఉద్యోగానికి పోతాడు, ఆదివారాలు వాయిస్తాడు. ఆ పిల్ల మాత్రం ఇంకా ఎగురుతూనే ఉంది. "ఉండు బిడ్డా, జర మెల్లగా, పడతావు" అందామనుకున్నాను. మళ్లీ ఎందుకులే, ఆడుకోనీ అని ఊరుకున్నాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ గడపలో పాలు పొంగాలి, మీ పిల్లలు కోరిన దారిలో నడవాలి, మీ ఇంట్లో పెద్దవాళ్లకు మీ అడుగు చప్పుడు నిండు నూరేళ్లూ తెలుస్తూ ఉండాలి.