సుగుణక్క చేతి పానా

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిదో కారుకు బ్యాటరీ మారుస్తున్నారు. నేను కూరగాయల సంచీ పట్టుకుని లిఫ్టు వైపు నడుస్తున్నాను. వెనక ఇనుప వస్తువేదో సిమెంటు నేలమీద పడి, ఎగిరి, కారు కిందికి దొర్లిపోయిన చప్పుడు వినిపించింది. మెకానిక్ తల కూడా ఎత్తకుండా పెట్టెలోంచి ఇంకో పనిముట్టు అందుకున్నాడు. నా కాళ్లు ఆగిపోయాయి. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అతను వంగి, కారు కింద తడిమి, పడినదాన్ని తీసి పెట్టెలో వేసేదాకా అక్కడే నిలబడ్డాను. "ఏం కావాలి మేడమ్?" అన్నాడు అనుమానంగా. ఏమీ లేదన్నాను. అంత చిన్న చప్పుడుకు అంత కంగారు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సుగుణక్క దగ్గర పనిచేసిన రోజుల్లో అంటుకుంది.

సుగుణక్కది కొత్తగూడ వెనక సందులో కార్లు బాగుచేసే వర్క్‌షాప్. ఆవిడే యజమాని, ఆవిడే పెద్ద మెకానిక్. యాభైకి దగ్గరపడిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. నలుపెక్కిన నీలం చొక్కా చీరమీదే తొడుక్కునేది. మాది కేపీహెచ్‌బీలో స్థిరపడిన అమలాపురం కుటుంబం. బీకాం అయ్యాక చుట్టూ ఉన్న అద్దాల ఆఫీసులన్నిటికీ ఇంటర్వ్యూలకు తిరిగి, ఎక్కడా కుదరక, చివరికి ఆ వర్క్‌షాప్‌లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి వెళ్లాను. "బండ్ల గురించి ఏం తెలుసు?" అని అడిగింది. "ఏమీ తెలియదండీ" అన్నాను. నా మొహం వంక కాసేపు చూసి, "తెల్వదని చెప్పనీకె వస్తది గదా, చాలు. రేపటి సంది రా" అంది. అందరూ ఆవిడను అక్కా అని పిలుస్తుంటే నాకు చాలాకాలం మేడమ్ అనే వచ్చేది.

ఆవిడ ధైర్యవంతురాలని చెబితే అది అబద్ధం. అంత భయస్తురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు. గోడకు పెద్ద చెక్క ఒకటి కొట్టించి, దానిమీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ తెల్ల రంగుతో గీయించింది. పానాలు, అంటే మేం స్పానర్లు అనేవి, వాటి వాటి బొమ్మలమీదే వేలాడాలి. ఎక్కడ ఖాళీ బొమ్మ కనబడితే అక్కడ ఏదో వస్తువు బయట ఉన్నట్టు. కారు గేటు దాటేముందు ఆవిడ చూపు ఆ చెక్కమీదికి పోయేది. అది చాలదన్నట్టు కారు వెంట సందు చివరిదాకా నడిచి, మలుపు తిరిగేటప్పుడు దాని చప్పుడు విని వచ్చేది. వెనకనుంచి కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆవిడే చెప్పింది. బాలానగర్‌లో వాళ్ల నాన్నకు ఇనుము చెక్కే చిన్న లేత్ షెడ్డు ఉండేదట. తిరిగే మిషన్‌లో ఇనుప ముక్కను బిగించడానికి తాళంచెవి లాంటి బరువైన కడ్డీ ఒకటి ఉంటుంది. బిగించాక దాన్ని తీసేయాలి. ఒకరోజు ఆయన తీయడం మరిచి మిషన్ వేశాడు. బడి నుంచి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడిన సుగుణక్క కళ్లముందే అది విసురుగా ఎగిరివచ్చి ఆయన కన్ను పోగొట్టింది. "మా నాయిన పనిల తోపు. కొత్తోడైతే చూసుకుంట చేస్తుండె" అంది ముద్ద కలుపుతూ. ఆ తర్వాత నాకు ఆ చెక్కను చూసి నవ్వు రాలేదు.

ఆ రోజు వర్షాకాలం మధ్యాహ్నం. కార్తీక్ అని ముప్ఫై ఏళ్లతను తెల్ల కారు తెచ్చాడు. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైట్లు వెలగడం లేదు. భార్య నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసులో పనిచేస్తుందని, ఏడో నెల అని, ఆమెను ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలని, కొంచెం త్వరగా చేయమని అడిగాడు. మెకానిక్‌లందరి చేతుల్లోనూ పనులున్నాయి. సుగుణక్క తనే డ్రైవర్ సీటు ముందు వెల్లకిలా పడుకుని, తల బ్రేక్ పెడల్ కిందికి దూర్చింది. పెడల్‌కు పైన ఉండే చిన్న స్విచ్ పాడైంది. దాన్ని మార్చింది. నేను వెనక నిలబడి, లైట్లు వెలగగానే "వచ్చాయండీ!" అని కేకేశాను. ఆవిడ నవ్వుతూ బయటికి వచ్చింది. అప్పుడే వాన మొదలైంది. అతను థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. వానవల్ల ఆవిడ సందు చివరిదాకా నడవలేదు.

కాసేపటికి చెక్క ముందు నిలబడి ఆవిడ నన్ను పిలిచింది. తెల్ల రంగు బొమ్మ ఒకటి ఖాళీగా ఉంది. చిన్న పానా. ట్రేలు వెతికాం. కుర్రాళ్లందరూ జేబులు తిప్పి చూపించారు. కాలువమీది జాలీ కూడా ఎత్తి చూశాం. ఆవిడ మాత్రం వెతకడం మానేసి కళ్లు మూసుకుంది. వెల్లకిలా పడుకున్నట్టే చెయ్యి గాల్లోకి ఎత్తి, ఏదో పెట్టి, ఇంకేదో అందుకున్నట్టు చేసింది. కళ్లు తెరిచి, "బండ్లనే ఉన్నది. పెడల్ పైనున్న రేకు అంచుల పెట్టిన. తియ్యలే" అంది.

అతనికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మెసేజ్ పెట్టాను. అప్పటికే ఆవిడ వర్క్‌షాప్ పాత కారు బయటికి తీసింది. భార్య పనిచేసే టవర్ ఏదో అతను మాటల్లో చెప్పడమే మాకున్న ఆధారం. దారంతా వాన, ఎటు చూసినా తెల్ల కార్లే. ముందున్న ఏ బండి వెనక ఎర్ర లైటు వెలిగినా ఆవిడ దానివైపే చూసేది. అవతలి రోడ్డులో అంబులెన్స్ కూత పెట్టుకుంటూ పోయింది. "ఏమీ కాదండీ, ఇంతలో ఏమవుతుంది" అన్నాను. "గట్ల అనకు, ఫోన్ చేస్తనే ఉండు" అంది.

టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. నేను అక్కతో మెల్లగా, "ఏదో సంతకం మిగిలిపోయిందని చెబుదామండీ" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "అబద్ధం చెప్తే నిమ్మళంగ వెతుకుతడు. నిజం చెప్తే ఉరుకుతడు" అంది. కారు దిగి, వానలోనే ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, ఒక బండి బాగుజేసి బ్రేక్ దగ్గర నా పానా మరిచిన. అండ్ల ఏడు నెలల కడుపుతోని ఉన్న బిడ్డ ఎక్కుతది" అని చెప్పింది. ఆయన నిజంగానే ఉరికాడు. లోపల ఎవరినో అడిగి తిరిగొచ్చి, "ఇప్పుడే ఎక్కిందట మేడం. మావోడే గొడుగు పట్టిండట. ఫ్లైఓవర్ దిక్కు పోయిండ్రట" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా చేతిలో ఫోన్ పలికింది. "హలో? ఇన్నిసార్లు చేశారేంటండీ?" అన్నాడు కార్తీక్. సుగుణక్క ఫోన్ లాక్కుంది. ఆవిడ గొంతు అంత నెమ్మదిగా పలకగలదని నాకు అంతవరకూ తెలియదు.

"సార్, నేను వర్క్‌షాప్ సుగుణను. నడుపుతున్నరా?"

"అవును, ఏమైందండీ?"

"చెప్త. ముందుగాల ఇండికేటర్ వేసి జర ఎడమకు రాండ్రి. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యుండ్రి, బ్రేక్ తొక్కకుండ్రి. గేరు తగ్గించుండ్రి."

ఇండికేటర్ టిక్కు టిక్కుమనడం ఫోన్‌లో వినిపించింది. పక్కనుంచి ఆడగొంతు, "ఏంటట?" అంది.

"ఇగ హ్యాండ్ బ్రేక్ మెల్లగ పైకి. ఆగిందా? ఇంజన్ బంద్ చేసిండ్రా?"

"చేశాను. ఇప్పుడైనా చెప్పండి."

"నా పానా ఒకటి మీ బ్రేక్ మీద ఉండిపోయింది. పడితే పెడల్ కింద ఇరుకుతది. తప్పు నాది. బండి కదిలియ్యకుండ్రి, నేనొస్తున్న."

అవతల అతను అరవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎక్కడున్నారో మాత్రం అడిగి, అరుపంతా విని, అతను పెట్టేశాకే ఫోన్ నాకిచ్చింది. తర్వాత కారెక్కి తాళంచెవి తిప్పబోయింది. అంతలోనే ఆగి దాన్ని నా చేతిలో పెట్టింది. పక్కకు జరిగింది. వర్క్‌షాప్‌లో చేరాక డ్రైవింగ్ నేర్చుకున్న నేను నడిపాను.

ఫ్లైఓవర్ ఎక్కకముందే సర్వీస్ రోడ్డు వారగా కారు ఆగి ఉంది. అతని భార్య టీకొట్టు రేకుల కింద కుర్చీలో కూర్చుంది. అతను మమ్మల్ని చూడగానే, "ఏమన్నా అయ్యుంటే? మా ముగ్గురికీ ఏమన్నా అయ్యుంటే?" అన్నాడు. అక్క తలుపు తీసి, మోకాళ్లమీద కూర్చుని పెడల్ పైకి చెయ్యి పోనిచ్చింది. వేలు తగిలిందో లేదో, పానా జారి కిందపడింది. సరిగ్గా పెడల్ కింద. నాకైతే, హమ్మయ్య, తీసి జేబులో వేసుకుంటే సరి, వెళ్లిపోవచ్చు అనిపించింది. ఆవిడ తీయలేదు. అతన్ని దగ్గరికి పిలిచి, చేత్తో పెడల్ నొక్కి చూపించింది. సగంలో ఆగిపోయింది. "చూడుండ్రి సార్. గిట్ల అయితుండె" అంది. అతని మొహంలో కోపం కూడా పోయింది. పాలిపోయి నిలబడ్డాడు.

భార్య లేచి వచ్చింది. "మీరే మరిచిపోయారా?" అని అడిగింది. "నేనే అమ్మా" అంది అక్క. ఆమె కడుపుమీద చెయ్యి వేసుకుని కాసేపు ఆ పానా వంక చూసింది. మమ్మల్ని పొమ్మంటుందనుకున్నాను. "అయితే మళ్లీ ఒకసారి మొత్తం మీరే చూడండి. అప్పుడు ఎక్కుతాను" అంది. సుగుణక్క అంతా చూసింది. అతన్ని కూడా చెయ్యి పెట్టి తడిమి చూడమంది. కారు కదిలి మలుపు తిరిగేదాకా వానలో నిలబడింది. తిరిగొచ్చే దారిలో సీట్లో ఒదిగి కూర్చుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చూడనట్టు నటించాను.

కార్తీక్ జరిగిందంతా తన ఆఫీసువాళ్ల గ్రూపులో రాశాడు. దాంతో మా దగ్గరికి వచ్చే కార్లు తగ్గిపోయాయి. ఇద్దరు మెకానిక్‌లు వేరే చోటు చూసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. వెంటపడి ఆపింది కూడా మనమే కదా, ఆ సంగతి రాద్దామన్నాను. "ఆయన రాసింది అబద్ధమా?" అని అడిగింది. కాదన్నాను. "మరి ఏం రాస్తవ్?" అంది. అంతే. మిగిలిన మెకానిక్‌లు తమమీదికి మాటలు వస్తాయని భయపడుతుంటే వాళ్లను కూర్చోబెట్టి, ఆ పానా మరిచింది తానని, ఎవరన్నా అడిగితే తన పేరే చెప్పమని చెప్పింది.

ఆ వారంలోనే ఒకరోజు నన్ను చెక్క దగ్గరికి తీసుకెళ్లింది. "ఇప్పటి సంది నేను చేసిన బండిని నువ్వు చూడాలె. నువ్వు పొమ్మంటేనే పోతది" అంది. "నాకేం తెలుసండీ, మీరు చేసిన పనిని నేనెలా చూడను?" అన్నాను. "పని చూడమంటలేను. ఖాళీ బొమ్మ చూడమంటున్న. మా నాయినకు గట్ల చూసెటోళ్లు లేకుండె" అంది. మొదటిసారి నేను "ఆగండి" అన్నప్పుడు, నలుగురి ముందు, కస్టమర్ హారన్ కొడుతుండగా, ఆవిడ చేతులు కట్టుకుని బడిపిల్లలా పక్కకు జరిగి నిలబడింది. ఆ రోజే అనుకుంటాను, మేడమ్ పోయి అక్కా అనే మాట నా నోట వచ్చింది.

రెండు మూడేళ్లకు కార్లు మళ్లీ రావడం మొదలైంది. కార్తీక్ మాత్రం రాలేదు. భార్య ఒక్కసారి వచ్చింది, నడక నేర్చిన పాపను చంకనేసుకుని, టైర్లో గాలి చూడమని. అక్క పాపను ఎత్తుకోబోయి, చేతుల మురికి చూసుకుని ఆగిపోయింది. ఆమే పాపను ఆ చేతుల్లో పెట్టింది. తర్వాత ఆ స్థలం యజమాని ఏదో పెద్ద భవనానికి ఇచ్చేయడంతో వర్క్‌షాప్ మూతపడింది. అక్క బాలానగర్‌లో తమ్ముడి షెడ్డుకు వెళ్లిపోయింది. పండగలకు ఫోన్లలో మాట్లాడుకునేవాళ్లం. నిరుడు చలికాలంలో ఆవిడ దవాఖానలో ఉందని తెలిసి బయల్దేరేలోపే పోయిందన్నారు.

ఇప్పుడు నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీకి ఉద్యోగులను తీసుకెళ్లే క్యాబ్‌ల బాధ్యత చూస్తున్నాను. పోయిన నెల ఒక సాయంత్రం డ్రైవర్ ఫోన్ చేసి, "మేడం, బ్రేక్ జర లోపలికి పోతున్నట్టున్నది. నడుస్తది గనీ" అన్నాడు. బండిలో నలుగురు అమ్మాయిలున్నారు. వేరే క్యాబ్ లేదు. పైఅధికారి, "నడుస్తుందంటున్నాడు కదా, ఎందుకమ్మా గొడవ" అన్నారు. డ్రైవర్‌ను పక్కకు ఆపమని, అందరినీ దింపమని చెప్పాను. వాళ్లు రోడ్డు పక్కన నిలబడి డ్రైవర్‌ను దులిపేయడం ఫోన్‌లో వినిపించింది. ఎంతో సేపటికి మెకానిక్ వెళ్లి చూసి, బ్రేక్ బాగానే ఉందని, ఏమీ లేదని చెప్పాడు. పైఅధికారి నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయారు. కాసిని మంచినీళ్లు తాగి, ఆ నలుగురికీ ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. బండి ఆపించింది నేనేనని, డ్రైవర్ తప్పేమీ లేదని, నా పేరు ఇదని చెప్పాను. ఒకమ్మాయి మధ్యలోనే పెట్టేసింది. మిగిలిన ముగ్గురూ చివరిదాకా విన్నారు.