నోరా మేడమ్ పాట కోసం ఆగిరిపల్లికి

మే నెల మొదట్లో నోరా మేడమ్ నన్ను పిలిచి, "కృష్ణా జిల్లా వెళ్లొస్తారా అండీ?" అన్నారు. ఇంట్లో పిల్లిని కూడా అండీ అనే మనిషి ఆవిడ. ఐర్లండ్‌లో ఏదో సముద్రపుటొడ్డు ఊరు. ఇరవై దాటగానే ఆగిరిపల్లి దగ్గర మిషన్ బడికి సంగీతం టీచరుగా వచ్చారు. తర్వాత మద్రాసులో స్థిరపడి, సొంతంగా స్వరరచనలు చేస్తూ, మాలాంటి మొద్దులకి వయొలిన్ నేర్పుతూ ముసలివారైపోయారు.

వచ్చే నెల శిష్యులందరం కలిసి ఆవిడ రచనలతో కచేరీ పెడుతున్నాం. ఆఖర్న వాయించేది మామిడితోట పాట. వచ్చిన చిక్కంతా దానితోనే.

"అది నేను కట్టానో, అక్కడ విన్నానో గుర్తు రావడం లేదు. వాళ్లదైతే నా పేరు పెట్టుకోకూడదు కదండీ. తెలియకపోతే తీసేద్దాం," అన్నారు.

ఆ పాటంటే ఆవిడకి ప్రాణం. అది తీసేస్తే ఆ సాయంత్రం ఆవిడ ముఖం చూడటం నా వల్ల కాదు. శిష్యుల్లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. వయొలిన్ పెట్టె పట్టుకుని బయల్దేరాను.

సాయంత్రం సెంట్రల్లో రైలెక్కి, తెల్లవారేసరికి బెజవాడలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ, టీ. ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్లే బస్సులు అక్కడే బోలెడు ఉంటాయి. వెళ్లేవాళ్లు అవి ఎక్కండి. నేను తెలివితక్కువగా ఏలూరు బస్సెక్కాను.

"ఆగిరిపల్లికి హనుమాన్ జంక్షన్ మీదుగానా? జిల్లా అంతా చుట్టొద్దామనేంటండీ?" అన్నాడు పక్క సీటాయన. మామిడికాయల వ్యాపారి. ఏం పని మీద అని అడిగితే పాట కోసం అన్నాను. ఆయన కాస్త అవతలకి జరిగి కూర్చున్నాడు.

జంక్షన్‌లో లారీల మధ్య ఎండలో నిలబడి, నూజివీడు బస్సు దొరికేసరికి తొమ్మిదిన్నర. నూజివీడులో పెందరాళే భోజనం, పప్పూ మాగాయా బాగున్నాయి. అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి, ఆగిరిపల్లి. దిగేసరికి పన్నెండు.

బడి ఉండాల్సిన చోట ఒక మామిడితోట, అందులో కాయలు సర్దే పాక ఉన్నాయి. తోట కౌలుకి తీసుకున్న వెంకటేశ్వర్లు, "దొరసాని బడా? ఎప్పుడో పోయిందండీ. మా రత్తమ్మ అందులో చదివింది, అడగండి," అన్నాడు.

రత్తమ్మకి అరవై దగ్గర పడి ఉంటాయి. బుట్టలో వరిగడ్డి పరిచి రసాలు పేరుస్తోంది. మద్రాసు నుంచి మేడమ్ పంపారని చెప్పి, ఇంకేం అడగాలో తోచక, వయొలిన్ తీసి పాట మొదలుపెట్టాను. చుట్టూ కాయలు సర్దుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. రెండో వరసకి రత్తమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని గొంతు కలిపింది. మూడో వరస మధ్యలో టక్కున ఆగింది.

సరిగ్గా అక్కడే మేడమ్ కూడా ఆపుతారు. ఎందుకు ఆగాలని అడిగినప్పుడల్లా, "ఆగాలి, అంతేనండీ," అని పెన్సిల్‌తో నా వేళ్ల మీద కొట్టేవారు.

"ఇక్కడ ఆగారేం?" అన్నాను.

రత్తమ్మ చెట్టు వైపు చూపించింది. పైన ఒకడు చివర వలసంచి కట్టిన చిక్కం గెడతో కాయ లాగుతున్నాడు. కింద ఇద్దరు గోనెపట్టా పట్టుకుని నిలబడ్డారు. "తొడిమ తెగితే సొన కారుద్దండి. అప్పుడు నోరు మూసుకుని తల వంచాలి. లేకపోతే మూతి పొక్కిపోద్ది."

అయితే పాట తోటదే.

"ఆగమని చెప్పింది దొరసానమ్మే," అంది రత్తమ్మ. "మా అమ్మోళ్లు ఆగకుండా పాడి మూతులు కాల్చుకునేవోళ్లు."

"అంటే పాట ముందునుంచీ మీదేగా?"

"మాదెలా అవుద్దండీ, బళ్లో నేర్పింది ఆవిడైతే."

"మరి మీ అమ్మగారు పాడారన్నారు?"

"పాడేది. ఇదో, ఇలాంటిదో."

ఇంకో ఆమె కల్పించుకుని, చింతలపూడిలో వాళ్ల అత్త కూడా ఇదే పాడుతుందనీ, అక్కడికి ఏ దొరసానీ వెళ్లలేదనీ చెప్పింది. "దొరసానిదేనండీ, ఖాయం చేసేసుకోండి," అన్నాడు వెంకటేశ్వర్లు. నా బుర్ర తిరిగిపోయింది. నాదంటే నాదని కొట్టుకునేవాళ్లని చూశాను గానీ, నాది కాదంటే నాది కాదనేవాళ్లని ఎక్కడా చూడలేదు.

సరే, పాట పూర్తి చేద్దామని మేడమ్ నాకు నేర్పిన నాలుగో వరస వాయించాను. రత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"బాగుంది గానీ, ఇది కాదండీ. ఆవిడ మాకు నేర్పింది వేరే. ఆవిడ వెళ్లిపోయాక అందరం మర్చిపోయాం. మూడు వరసలే పాడుకుంటన్నాం. ఆవిడ బతికే ఉందిగా, అడిగి పంపండి."

"ఆవిడకీ గుర్తులేకపోతే?"

"కొత్తది కట్టి పంపమనండి. ఆవిడ కడితే మాకు చాలు."

వచ్చేటప్పుడు బుట్టెడు రసాలు ఇచ్చింది. ఈసారి సరైన బస్సే ఎక్కి బెజవాడ చేరి, సాయంత్రం మద్రాసు రైలు పట్టుకున్నాను. ఎదురు సీటు పెద్దాయన బుట్ట చూసి, "నూజివీడువా? వెళ్లిన పని అయిందా?" అన్నారు. అయిందో లేదో నాకే తెలియదన్నాను. నిజంగానే పాట ఎవరిదో ఏమీ తేలలేదు. అయినా తోటవాళ్లే ఆవిణ్ణి కట్టమన్నాక ఇక పాట తీసేయక్కర్లేదని మనసు తేలికగా ఉంది. మేడమ్ తలుపు తీయగానే ఏం చెప్పాలో మాత్రం దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను: "నాలుగో వరస కావాలటండీ. మీరే కట్టాలట."