గొంతుకు సెలవులు

మొన్న కోవూరు నుంచి నెల్లూరు వస్తుంటే పెన్న వంతెన మీద బస్సు ఆగిపోయింది. ముందేదో లారీ అడ్డం పడిందట. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నా పక్కన కూర్చున్నావిడ ఫోన్లో వాళ్ళ వియ్యపురాలిని కడిగి ఆరేస్తోంది. ఈ గోల పడలేక కిటికీలోంచి చూద్దును గదా, చలిగాలిలో నది మీదుగా కొంగలు బారులు తీరి దక్షిణానికి పోతున్నాయి. ఒక్కటీ నోరు మెదపడం లేదు. నాకు చప్పున మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఉండుంటే "గమ్మునుండండి" అని ఒక్క మాటతో బస్సు మొత్తాన్నీ కూర్చోబెట్టేది.

నేను లెక్కల టీచర్ని. ఉద్యోగం అయిపోయింది గానీ గొంతింకా రిటైర్ కాలేదు. ఆ రోజుల్లో నేను ఎక్కాలు చెప్పిస్తుంటే రోడ్డవతల టీ కొట్టాయన కూడా అప్పజెప్పేవాడని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అలాంటి గొంతు ఒక ఏడాది డిసెంబరులో, సరిగ్గా సెలవుల ముందు, బొంగురుపోయి కూర్చుంది. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, లోపల చిన్న కాయలు లేచాయన్నాడు. సెలవులన్నాళ్ళూ మాట్లాడొద్దు, కేకలు అసలే వద్దు, తగ్గకపోతే ఆపరేషన్, ఆ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాత్రం నేను చెప్పలేను అన్నాడు. గొంతు లేని టీచరేం టీచరు? మా ఆయన మాత్రం మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "అయితే ఈసారి సెలవులు నాకన్నమాట" అన్నారు. బదులు చెప్పడానికి వీల్లేక కళ్ళతోనే కాల్చేశాను. ఇంట్లో ఉంటే నేను నోరు కట్టుకోలేనని ఆయనకు తెలుసు. అందుకే మర్నాడే మా అత్త ఊరికి బస్సెక్కించారు.

ఆ ఊరు చిట్టమూరు అవతల. వానలు పడ్డాయంటే చాలు, ఊళ్ళోని చింతచెట్ల మీదికి ఎక్కడెక్కడి కొంగలో వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. పులికాట్ సరస్సులో చేపలు, ఇక్కడ కాపురం. మా అత్త వాకిట్లో చింతచెట్టయితే ఆకు కంటే రెక్కే ఎక్కువ కనిపించేది. చెట్టు కింద వాకిలంతా తెల్లగా రెట్టలు, ముక్కు పట్టుకునేంత నీచు వాసన. "ముగ్గెయ్యాల్సిన పన్లేదు మే, అయ్యే ఏసిపెడతాయి" అనేది అత్త. ఆ ఊరి లెక్కలో అవి పక్షులు కావు, పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడపిల్లలు. దీపావళికి ఒక్క టపాకాయ పేలదు. చెట్ల కింద ఎవరూ గిన్నె టంగుమనిపించరు. పక్కింటావిణ్ణి పిలవాలన్నా కేకెయ్యరు, నడిచి దగ్గరికి పోయి మాట్లాడతారు. బస్సు దిగిన అలవాటులో నేను ఆ బొంగురు గొంతుతోనే "అత్తా!" అని పిలవబోతే ఆమె గబగబా వచ్చి నా నోటికి చెయ్యడ్డం పెట్టింది. "బాలింతలుండే ఇంట్లో ఎవురన్నా అరస్తారా? నీకు రోగమొచ్చిందే నయం, లేకపోతే ఈ ఊర్లో నిన్ను ఉంచుకునేదెట్టా?" అంది.

అలా మొదలయ్యాయి నా సెలవులు. మొదటి రోజు మాటలు గొంతులో గుడగుడలాడిపోయాయి. తర్వాత తర్వాత ఏమైందో ఏమో, నాకు మాట్లాడాలనే అనిపించలేదు. పొద్దున్నే మిద్దెక్కి దుప్పటి కప్పుకుని నీరెండలో కూర్చుంటే చెట్టు చిటారు కొమ్మలు నా కళ్ళకు సమానంగా ఉండేవి. తల్లికొంగ వచ్చి వాలడం, ముక్కులు టకటకలాడించుకుంటూ మొగుడూ పెళ్ళాం కాపలా మార్చుకోవడం, పిల్లలు ఆకలికి అరిచి గోల చెయ్యడం, అన్నీ అక్కణ్ణుంచే. ఇంత ఊరూ గుసగుసలాడేది ఆ పిల్లకుంకలు హాయిగా అరుచుకోవడానికే గదా అని నవ్వొచ్చేది. ఉద్యోగం, గొంతు, ఆపరేషన్ అన్న భయాలు ఎండ ఎక్కేకొద్దీ మంచులాగా తేలిపోయేవి. అంత సుఖంగా నేనెప్పుడూ కూర్చోలేదు. చూస్తూ కూర్చోవడం కూడా ఒక పనేనని అప్పుడే తెలిసింది.

సెలవులు అయిపోవచ్చిన రోజుల్లో, ఒక ఉదయం, గూట్లోంచి పిల్ల ఒకటి జారి కింద పడింది. రెక్కలు సరిగా రాని పిల్ల, పాపం, లేవలేక కొట్టుకుంటోంది. నేను మిద్దె మీదున్నాను, అత్త వంటింట్లో ఉంది. కంచె సందులోంచి కుక్కొకటి తల దూర్చి, పొట్ట నేలకానించి పిల్ల వైపే వస్తోంది. నేను మెట్లు దిగేలోపు అంతా అయిపోతుంది. డాక్టరు గుర్తు రాలేదు, ఊరి కట్టుబాటు గుర్తు రాలేదు. "ఛెయ్! పో!" అని గుండెల్లోంచి ఒక్క కేక పెట్టాను.

కుక్క పారిపోయింది. దాంతోపాటు చెట్టు మొత్తం లేచిపోయింది. వందల రెక్కలు ఒక్కసారే కొట్టుకున్నాయి. ఆకాశం తెల్లబడింది, గూళ్ళలో గుడ్లూ పిల్లలూ కాపలా లేకుండా మిగిలిపోయాయి. గోడల మీద కాకులు కాచుక్కూర్చున్నాయి. అత్త బయటికొచ్చింది. ఇరుగూ పొరుగూ వచ్చారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అందరూ తలెత్తి పైకే చూస్తున్నారు. ఎవరన్నా తిట్టుంటే బాగుండేది. నా గొంతు పోతే పోనీ, అవి తిరిగొస్తే చాలు స్వామీ అనుకున్నాను. మనస్ఫూర్తిగానే అనుకున్నాను.

సుడులు తిరిగి తిరిగి, చివరికి ఒక కొంగ కాళ్ళు కిందికి జార్చి గూట్లో దిగింది. దాని వెనక ఇంకొకటి. చెట్టు మళ్ళీ నిండేసరికి నేను మెట్ల మీద కూలబడి ఏడుస్తున్నాను. అత్త కొంగపిల్లను గంపలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, చెవిలో చెప్పింది. "నీ గొంతుకేం మే, నిక్షేపంగా ఉండాది. ఆ డాక్టర్నే చెవులు చూపించుకోమను."

ఆపరేషన్ అవసరం పడలేదు. ఉద్యోగమంతా గిర్రున తిరిగిపోయింది, అత్త కూడా వెళ్ళిపోయింది. ఆ కొంగలు తిరిగి గూళ్ళలో వాలేదాకా గడిచిన ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.