వేదవతి పిన్ని చెవులు

మా వేదవతి పిన్నిని ఇంట్లో అందరూ వసపిట్ట అనేవారు. ఎదుటివాళ్ళకు సందివ్వకుండా మాట్లాడేది. ఎందుకలా వాగుతుందో మా అమ్మకొక్కదానికే తెలుసు. తను మాట్లాడుతున్నంతసేపూ ఎవరి మాటా వినక్కర్లేదు మరి.

1967లో పిన్ని మద్రాసు వెళ్ళి, చెవిటి పిల్లలకు మాటలు నేర్పే టీచరు ట్రైనింగులో చేరింది. సగంలో టైఫాయిడ్ పట్టుకుంది. జ్వరం పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది, ముందు కుడిది, తర్వాత మెల్లగా రెండోది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం ఆ చదువులో ఒక పాఠం. అందులో పిన్నిని మించినవాళ్ళు లేరని టీచర్లు మెచ్చుకునేవాళ్ళు. తను నిజంగానే పెదవులు చూసి నెట్టుకొస్తోందని వాళ్ళకు తెలియదని చాలా ఏళ్ళకు నాతో చెప్పింది.

సర్టిఫికెట్టుతో కాశీబుగ్గ తిరిగొచ్చేసరికి, పలాసలో ఒక బడిలో చెవిటి పిల్లల కోసం తరగతి పెడతారన్న వార్త వచ్చింది. అలాంటి చదువు చదివిన మనిషి చుట్టుపక్కల మరొకరు లేరు. కాకపోతే టీచరుకు చెవులు బాగా వినబడాలని, అలాగని డాక్టరు రాసివ్వాలని రూలు. ఆ డాక్టరేమో, మా తాతగారు పట్టాభిరామయ్యగారి దగ్గర ముహూర్తాలు పెట్టించుకునే మనిషి. పురోహితుడి కూతురికి పరీక్షలేమిటని నవ్వి, చెవుల వంక చూడకుండానే సంతకం పెట్టేశాడు. ఇక మిగిలింది ఆఫీసరు ఎదుట ఒక పిల్లకు పాఠం చెప్పి చూపించడం.

అప్పటినుంచి పిన్నికి కంటిమీద కునుకు లేదు. కరెంటు పోతే భయం, చీకట్లో పెదవులు కనబడవు. గుబురు మీసాలవాళ్ళంటే భయం. రైలు పట్టాలు దాటాలంటే నలుగురు దాటేదాకా ఆగేది. అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది, చదివిన చదువు గంగపాలవుతుంది, ఇక బతుకంతా వంటింటి మూల "పాపం, చెవిటిది" అనిపించుకుంటూ పడి ఉండాలి. పిన్ని చావుకైనా సిద్ధమే కానీ ఆ "పాపం"కు సిద్ధంగా లేదు.

పరీక్ష రోజున ఆఫీసరు సోమేశ్వరరావుగారు బడి వరండాలో కుర్చీ వేయించుకున్నారు. నున్నగా గీసుకున్న మొహం చూసి పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఆయన అడిగినవాటికన్నిటికీ టకటకా జవాబులు చెప్పింది. ఇంతలో అక్కుపల్లి నుంచి ఎర్రమ్మ అనే చేపలమ్మే ముసలామె, వినబడని మనవరాలు పెద్దతల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ముందు పిల్ల సంగతులు కనుక్కుని తర్వాత పాఠం మొదలుపెట్టమన్నారు ఆఫీసరు.

పిన్ని ఎర్రమ్మ మొహంలోకి చూసింది.

ఎర్రమ్మ నోట్లో అడ్డపొగ ఉంది. ఆ తీరంలో ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, రెండు చేతులకూ పని ఆగదు. పెదవులు బిగించుకునే గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటారు. వినేవాళ్ళకు అదేమీ అడ్డు కాదు. పిన్నికి మాత్రం ఆ నోరు తాళం వేసిన తలుపే. చుట్ట తీయమని ఒక్క మాట అంటే పోయేది. అలా అంటే అనుమానం వస్తుందేమోనని అడగలేదు.

ఎర్రమ్మ ఏదో చెబుతూనే ఉంది. పిన్ని అర్థమైనట్టు తలూపుతూనే ఉంది. తలూపి తలూపి, ఎర్రమ్మ చెయ్యి పిల్ల ఎడమ చెవి వైపు చూపిస్తుంటే, అక్కడ చూడమంటోంది కాబోలనుకుని ఆ చెవి పట్టుకుని లాగింది.

పిల్ల మెలికలు తిరిగిపోయింది. దాని నోరు ఎంత పెద్దగా తెరుచుకుందో చూసి పిన్ని గబుక్కున చెయ్యి తీసేసింది. వేళ్ళకు చీము అంటింది.

"ముట్టుకోవద్దని ఆవిడ చెబుతూనే ఉంది కదమ్మా," అన్నారు సోమేశ్వరరావుగారు.

పిన్ని మళ్ళీ ఎర్రమ్మ పెదవుల వైపే చూసింది, దిక్కుతోచక. పెద్దతల్లి ఏడుస్తూనే ఆ చూపు కనిపెట్టింది. లేచి, నాయనమ్మ నోట్లోంచి చుట్ట లాగేసి, ఆమె గడ్డం పట్టుకుని పిన్ని వైపు తిప్పింది.

"ఇంటికాడ నాకూ ఇలాగే సేత్తాది. నేనేటంటన్నానో సూడాల గదా," అంది ఎర్రమ్మ.

ఆఫీసరు కుర్చీలోంచి లేచి పిన్ని వెనక్కి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో ఆమెకు తెలుసు. పెద్దతల్లి కళ్ళు పిన్ని భుజం మీదుగా ఆయన నోటినే చూస్తున్నాయి. ఆయన ఏదో అంటున్నారు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుదామనుకుంది, కానీ ఏం చెప్పాలి? పిల్ల ఆమె చెయ్యి తట్టి వెనక్కి చూపించింది.

పిన్ని తిరిగింది. "నాకు వినబడదండి," అంది. చెవులు పోయాక పరాయి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పాపం" అన్నారు. ఆ పెదవులు కలిసి విడిపోవడం పిన్ని చూసింది. రూలు రూలేనమ్మా, వేరే మనిషి కోసం రాస్తాను అన్నారు.

"ఆ మనిసి ఎప్పుడొత్తాడు బాబూ?" అని ఎర్రమ్మ అడిగింది. తొందర్లోనే అని ఆయన గోడకేసి చూస్తూ చెప్పారు.

"పిల్లను నా దగ్గరకు తీసుకురా," అంది పిన్ని ఎర్రమ్మతో. "ఉద్యోగం లేకపోయినా నేర్పుతాను, మా ఇంట్లో." తన గొంతు వణికిందో, కేకలా వచ్చిందో ఆమెకు తెలియదు. అందరూ ఉలిక్కిపడి చూడటం మాత్రం కనబడింది.

ఎర్రమ్మ ఆమెకు ఎదురుగా వచ్చి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటే అంది. "రేపు పొద్దున్న బస్సుకి తెత్తాను."

పిన్ని భయం ఆ రోజుతో పోలేదు, కొత్తది పట్టుకుంది. ఎర్రమ్మ వచ్చి తలుపు కొడితే తనకు వినబడదు. ఇంట్లో ఎవరూ లేరనుకుని వెనక్కి వెళ్ళిపోతే? అందుకని మర్నాడు తెల్లవారకముందే వీధి తలుపులు బార్లా తెరిచి గడప మీద కూర్చుంది. ఎండెక్కింది. మా అమ్మ కాఫీకి పిలిచినా, భుజం కుదిపినా లేవలేదు. వీధి చివర వాళ్ళిద్దరూ కనబడేదాకా ఆ దారి మీంచి చూపు తిప్పలేదు.