బోర్లించి తట్టిన సోల

మొన్న మా మనవరాలు కంప్యూటర్‌లో ఏదో ప్రోగ్రాం రాసుకుంటుంటే తెరమీద ఒక వరుస కింద పసుపుపచ్చ గీత పడింది. ముందుగా ఏ విలువా పెట్టకుండానే వాడుతున్నావు, చూసుకో అని యంత్రమే హెచ్చరిస్తోందట. నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఆ గీతేదో ఎనభైలలో నరసరావుపేటలో పడి ఉంటే మా కాటా బాబాయికి అంత అవమానం జరిగేది కాదు.

అప్పుడు నేను గుంటూరులో ఒక చిన్న కంపెనీలో కొత్త ఇంజినీరుని. పేటలో ఒక పత్తి మిల్లు కాటాకు ప్రాసెసర్ బోర్డు పెట్టి, బరువు ఎర్రటి అంకెల్లో వెలిగేలా ప్రోగ్రాం రాసింది నేనేనన్న గర్వంతో కాళ్లు నేలమీద ఆనేవి కావు. కాటా దగ్గర కూర్చునే ముస్లిం పెద్దాయన్ని మిల్లంతా బాబాయి అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. నెల తిరక్కుండానే తూకం తేడాగా ఉందని రైతులు గొడవకు దిగారు. కరెంటు పోయి వచ్చాక మొదటి బండికే తేడా వస్తందమ్మాయ్ అని బాబాయి మొత్తుకున్నాడు. మిషను అబద్ధమాడదు అని పదిమందిలో అనేశాను నేను. ఆ మాట పట్టుకుని మిల్లు యజమాని, కాటాలో వేలు పెట్టింది నువ్వేనంటూ, బాబాయిని సోమవారం నుంచి రావద్దన్నాడు. ముప్ఫయ్యేళ్లు ఆ కాటా ముందు కూర్చున్న మనిషి టోపీ సర్దుకుని బయటికి నడిచాడు.

ఆయన భార్య, మాకు పిన్ని, గేటు దగ్గర వేరుశనక్కాయలు అమ్మేది. ముఖం చెల్లక తప్పుకుపోతున్న నన్ను ఆవిడే పిలిచి, తినిపొమ్మని కాయలు కొలవబోతూ, సోలను బోర్లించి అరచేత్తో రెండుసార్లు తట్టింది. ఖాళీదేగా పిన్నీ అన్నాను.

"ఖాళీదని నీకెట్టా తెలుసే? బోర్లిచ్చి తడితేనే గదా తెలిసేది!"

కాయలక్కడే వదిలేసి పరుగెత్తాను. కరెంటు రాగానే బోర్డు మెమరీ ఖాళీగా ఉంటుందనుకున్నాను, కానీ అది ఏ చెత్త అంకెతోనైనా లేస్తుంది. ఒక బండి తూగాక దాన్ని సున్నా చేయించానే తప్ప మొదటి బండికి ముందు చేయించలేదు, అందుకే ఆ బండి బరువు చెత్తమీద కూడుకునేది. మా వర్క్‌షాపులో ముందు మెమరీ పరీక్ష నడిపేదాన్ని, అది అంతా సున్నాలతో నింపిపోయేది గనక తప్పు అక్కడెన్నడూ బయటపడలేదు. మొదట్లోనే మెమరీ తుడిచే నాలుగు వరుసలు చేర్చి చిప్ మార్చాను. ఆదివారం యజమానినీ రైతుల్నీ నిలబెట్టి, స్విచ్ పదేపదే తీసి వేస్తూ ఒకే ట్రాక్టర్‌ని తూచి చూపించాను. ప్రతిసారీ అదే అంకె. తప్పు నాది, బాబాయిది కాదు అని అందరి ముందూ చెప్పాను, ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

ఊడలేదు. సోమవారం పొద్దున బాబాయి తన కుర్చీలోనే ఉన్నాడు. "ఏందమ్మాయ్, సోల తట్టి చూశావంటగా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకునే చానా తప్పులు ధైర్యంగా ఒప్పుకున్నాను తర్వాత.

ఇప్పటి యంత్రాలు ముందే చెబుతున్నాయి, పిల్లలు హాయిగా దిద్దుకుంటున్నారు, నాకెంతో సంతోషం. కానీ ఆ రోజు నా బుర్ర కూడా ఖాళీగా లేదు, తప్పు చేసేది కాటా దగ్గరి మనిషేనని అందులో ముందే పడి ఉంది. దాన్ని బోర్లించి తట్టడానికి మాత్రం ఇప్పటికీ ఒక పిన్ని కావాల్సిందే.